ఎర్త్ తీగ పీకొద్దన్న సుహాసిని

చిక్కడపల్లి సభలకు వెళ్లే అలవాటు ఉన్నవాళ్లు ఒక సంగతి చూసే ఉంటారు. పాడేవాళ్లు మైకు ముందు కూర్చోగానే కర్చీఫ్ తీసి దానికి చుడతారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు అదేదో శుభ్రత అనుకుంటారు. శుభ్రతా లేదు, పాడూ లేదు. అది కరెంటు భయం. పెదవి మైకుకు తగిలిందంటే చుర్రుమంటుంది, పల్లవి మధ్యలో చుక్కలు కనిపిస్తాయి. మా పేటలో సంగీతం టీచర్లు పిల్లలకు గీతాలతో పాటు కర్చీఫ్ చుట్టడం కూడా నేర్పుతున్నారు. మైకు అసలు షాక్ ఎందుకు కొట్టాలి అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు.

నా పేరు స్నేహలత. అశోక్‌నగర్‌లో ఉంటాను. సభల్లో వ్యాఖ్యానం చెబుతాను. దీపం వెలిగించడం దగ్గర్నుంచి వందన సమర్పణ దాకా మైకు నా దగ్గరే ఉంటుంది. నాకు కోపం ఎక్కువని కమిటీలవాళ్లు చాటుగా అనుకుంటారు. చాటుగా ఎందుకు, ముందే అనొచ్చు, ఒప్పుకుంటాను. కానీ మా పై ఫ్లాట్‌లో ఉండే సుహాసిని కోపం ముందు నాదెంత? నేను నాలుగు కేకలేసి, టీ తాగి మర్చిపోతాను. ఆవిడ కేకలెయ్యదు. ఇంటికెళ్లి తీగలు అతికే సోల్డరింగ్ ఇనుము వేడి చేస్తుంది. ఈ కథ ఆవిడది.

చిక్కడపల్లి మెట్రో స్టేషన్ అవతల ఒక సందులో ఒక హాలుంది. పేరు చెప్పను. చెబితే నన్ను మళ్లీ పిలవరని భయం కాదు. దాని బదులు ఇంకో హాలు పేరు రాసినా ఈ కథ సరిపోతుంది, అందుకని. అక్కడ వేదిక ఎక్కాలంటే చెప్పులు విడవాలి. అది కళామతల్లి పీఠమట. మంచిదే, విడుస్తాం. ఆ పీఠాన్ని ప్రతి కార్యక్రమానికీ ముందు తడిగుడ్డతో తుడిచేది హనుమమ్మ. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. ముషీరాబాద్ బస్తీలో ఉంటుంది, భర్త కురుమయ్యది సెంట్రింగ్ పని. వేదిక మెరుస్తోందని వక్తలు మెచ్చుకున్న రోజు కూడా ఆమె పేరు ఎవరి నోటా రాలేదు.

ఆ మధ్య వానాకాలంలో ఒక కచేరీకి సుహాసినిని నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. జనం ఇంకా కుర్చీల్లో సర్దుకుంటున్నారు. హనుమమ్మ తుడుస్తూ తుడుస్తూ వచ్చి, అడ్డంగా ఉన్న మైకును పక్కకు జరపబోయి దాన్ని పట్టుకుంది. అంతే. కేక కూడా వేయలేదు. ఒళ్లు బిగుసుకుపోయింది, స్టాండుతో సహా వెనక్కి పడింది. పడ్డప్పుడు మైకు తీగ సాకెట్లోంచి ఊడివచ్చింది కాబట్టి బతికింది. మణికట్టు విరిగింది. అరచేతిలో చర్మం తెల్లగా పొక్కింది.

నేను పరిగెత్తి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను. చుట్టూ మూగినవాళ్లు ఏమన్నారో తెలుసా? "తడి చేత్తో పట్టుకుంది మరి" అన్నారు. నేల తుడిచే మనిషి చెయ్యి తడిగా ఉండక పొడిగా ఉంటుందా? ఒకాయన అయితే కచేరీ ఆలస్యమవుతుందేమోనని గడియారం చూసుకున్నాడు. ఆయన ఇప్పుడు ఎదురుపడినా నేను పలకరించను.

సుహాసిని మాత్రం మా దగ్గరికి రాలేదు. తిన్నగా వేదిక పక్కన మిక్సర్ ఉన్న బల్ల దగ్గరికి వెళ్లింది. మైకులన్నీ వచ్చి కలిసేది ఆ పెట్టెలోనే. దాని ప్లగ్గు గోడలోంచి లాగి, హ్యాండ్‌బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి విప్పింది. అవును, ఆవిడ హ్యాండ్‌బ్యాగులో దువ్వెన ఉన్నా లేకపోయినా స్క్రూడ్రైవర్ ఉంటుంది. ప్లగ్గులో ఉండాల్సిన మూడు తీగల్లో రెండే ఉన్నాయి. మూడోది, ఆకుపచ్చ రంగుది, కోసి వెనక్కి మడిచి టేపు చుట్టేసి ఉంది.

"ఏంటి శ్రీశైలం ఇది?" అంది. శ్రీశైలం ఆ హాలు సౌండ్ చూసేవాడు. చెడ్డవాడేం కాదు.

"ఎర్త్ తీగ మేడం. అది పెడితే గుయ్యిమని మోతొస్తది. అందుకే పీకేసిన."

"నువ్వే పీకావా?"

"నేనొక్కన్నేనా? అందరు గట్లనే జేస్తరు. మా ఉస్తాద్ నేర్పిండే గది. వెనక రూంల యాంప్లిఫయర్‌ది గుడ తీసిన. ఒకటి తీస్తే సగం తగ్గింది, రెండోది తీస్తే మొత్తం బందయింది."

ఎంత నిబ్బరంగా చెప్పాడో! ఏదైనా సామానులో కరెంటు లీకైతే అది మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికే ఆ మూడో తీగ ఉంటుంది. దాన్ని తీసేస్తే మిక్సర్ ఇనుప పెట్టెకు లీకైన కరెంటు మైకు దాకా వచ్చి, ఎవరు పట్టుకుంటారా అని కూర్చుంటుంది. అతిథుల చెవికి మోత వినపడకూడదని ఊరంతా ఈ పని చేస్తోంది. దీనికి మళ్లీ గురుశిష్య పరంపర ఒకటి!

సుహాసినికి ఈ మోతతో పగ చిన్నప్పుడే మొదలైంది. వాళ్ల తాతగారు ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కాకినాడ నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డారు. తండ్రికి కచేరీల పిచ్చి. క్యాసెట్ రికార్డరు పట్టుకుని హాళ్ల వెంట తిరిగేవాడు. ఆ క్యాసెట్లలో పాట వెనక ఎప్పుడూ ఒక మోత. చాలాకాలం దాన్ని తంబుర శ్రుతి అనుకుందట ఈవిడ. తంబుర పెట్టని ఉపన్యాసం క్యాసెట్లో కూడా అదే వినపడేసరికి తండ్రిని అడిగింది. "అది కరెంటు మోత తల్లీ, ఏం చెయ్యలేం" అన్నాడు ఆయన. ఏం చెయ్యలేం అన్న మాట సుహాసినికి ఎవరూ చెప్పకూడదు.

ఎలక్ట్రానిక్స్ చదివింది. నారాయణగూడలో యాంప్లిఫయర్లు తయారు చేసే ఒక చోట చేరింది. అక్కడ ఆవిడ పని ఇన్‌పుట్ బోర్డులు, అంటే బయటి నుంచి తీగల్లో వచ్చే ధ్వనిని యంత్రం లోపలికి తీసుకునే సర్క్యూట్లు. దాని సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది ఒకసారి, చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో బెండకాయలు ఏరుతూ. మంచి సామాన్లలో ధ్వని రెండు తీగల్లో వస్తుందట. ఒకదాంట్లో ఉన్నదాన్నే రెండోదాంట్లో తలకిందులు చేసి పంపుతారు. దారిలో ట్యూబ్‌లైట్లూ ఏసీలూ లిఫ్టు మోటార్లూ తమ మోతంతా తెచ్చి ఆ తీగల మీద పోస్తాయి. రెండూ మెలిపడి పక్కపక్కనే వస్తాయి కాబట్టి మోత రెండింటి మీదా ఒకేలా పడుతుంది. చివర ఉన్న సర్క్యూట్ ఒకదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తుంది. మోత రెండింట్లోనూ ఒకటే గనక పోతుంది. పాట తలకిందులుగా ఉంది గనక మిగులుతుంది.

"అయితే ఇంకేం, అయిపోయిందిగా" అన్నాను.

"ఎక్కడయిపోయింది స్నేహక్కా! ఆ తీసేసే సర్క్యూట్లో రెండు పక్కలా అచ్చం సమానంగా ఉండాలి" అని, బెండకాయలమ్మే ఆవిడ పాత త్రాసు చూపించింది. "వాన పడి రెండు పళ్లేలూ తడిస్తే తూకం తప్పదు. ఒక పళ్లెం కింద చింతపండు అంటిస్తే మాత్రం తప్పుతుంది." బెండకాయలావిడ మా ఇద్దర్నీ కొరకొరా చూసింది. ఆ రోజు కొసరు పెట్టలేదు.

నారాయణగూడ యజమానికి ఈ చింతపండు సంగతి పట్టలేదు. రెసిస్టర్లు అనే చిన్న ముక్కలు బస్తాల్లో కొనుక్కొచ్చి, ఏది చేతికొస్తే అది వేయమనేవాడు. సుహాసిని ఒక్కొక్కదాన్నీ మీటరుతో కొలిచి, సరిగ్గా సమానంగా ఉన్నవాటిని జంటలుగా పక్కన పెట్టేది. జాతకాలు కలుపుతోంది అని నవ్వేవాళ్లు తోటివాళ్లు. "రెండిటి మీదా ఒకే విలువ రాసి ఉంది కదమ్మా, ఇంకేం చూస్తావు?" అనేవాడు యజమాని. ఆవిడ సెలవు పెట్టిన వారంలో జంటలన్నీ కలిపేసి బోర్డులు నింపి పంపేశాడు. మోత వస్తోందని ఫిర్యాదులొస్తే, డిజైన్ చేసిన మేడం పొరపాటన్నాడు, ఆవిడ ముందే. ఆ సాయంత్రమే మానేసింది. అప్పటి నుంచీ ఇంట్లోనే బల్ల వేసుకుని స్టూడియోలకు బోర్డులు చేసి ఇస్తోంది. వాళ్లాయన నరేంద్ర నెమ్మదైనవాడు. సోల్డరింగ్ పొగ పప్పులోకి రాకుండా వంటింటి తలుపు వేసుకుంటాడు. కింద కోచింగ్ సెంటర్లో పాలిటీ సారు మైకు గుయ్యిమంటే తట్టుకోలేక మెట్లు దిగి వెళ్లి, క్లాసు మధ్యలో ఆయన మైకు తీగ మార్చి వచ్చిన మనిషి ఈవిడ. గ్రూప్స్‌కి చదివే పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు కొట్టలేదు.

సరే, హనుమమ్మ చేతికి కట్టు కట్టించి వచ్చిన మర్నాడు సుహాసిని నన్ను తీసుకుని కార్యదర్శి సూర్యనారాయణమూర్తిగారి దగ్గరికి వెళ్లింది. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మాట తేనెలా ఉంటుంది.

"పాపం, హనుమమ్మకి అలా జరగడం నాకూ బాధగానే ఉందమ్మా" అన్నారు. "అందుకే వెంటనే బోర్డు పెట్టించాం."

నిజమే, పెట్టించారు. వేదిక మెట్ల దగ్గర ఎర్ర అక్షరాలతో 'తడి చేతులతో మైకును తాకరాదు' అని. హనుమమ్మకు చదువు రాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నెలనెలా ఆమె వేలిముద్ర ఆయనే తీసుకుంటారు.

"బోర్డు కాదండీ, ఎర్త్ పెట్టించండి" అంది సుహాసిని.

"పెడితే మోత వస్తుందంటున్నాడు కదమ్మా శ్రీశైలం. ఎక్కడెక్కడి నుంచో పెద్దలు వస్తారు. మైకులో ఆ మోతేమిటి, సభకు అప్రతిష్ఠ కాదూ?"

"మనిషి చచ్చిపోతే ప్రతిష్ఠా?"

మూర్తిగారు నా వైపు చూశారు, ఈవిణ్ని ఎందుకు తీసుకొచ్చావన్నట్టు. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఎర్త్ ఉంచే మోత లేకుండా చేస్తాను" అంది సుహాసిని. "మీ మిక్సరూ యాంప్లిఫయరూ నా దగ్గరికి పంపించండి. లోపల ఇన్‌పుట్ బోర్డులు మార్చి ఇస్తాను. మోత రాకపోతే ఎర్త్ ఎప్పటికీ తీయకూడదు. అదొక్కటే నా షరతు." ఆయన తల ఊపారు. తల ఊపడానికి ఆయనకేం పోయింది?

పని అనుకున్నంత తేలిగ్గా తేలలేదు. ఇంట్లో బల్ల మీద చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉన్న బోర్డు, హాల్లో పెట్టేసరికి మళ్లీ మోత మొదలెట్టింది. సుహాసిని రెండు రోజులు అక్కడే కూర్చుంది. తీరా చూస్తే తప్పు బోర్డుది కాదు, గోడల్లోంచి వచ్చే తీగలది. ఎక్కడో అతుకు వేసినప్పుడు ఒక తీగకు సోల్డరింగ్ చేసి, రెండోదాన్ని మెలితిప్పి టేపు చుట్టి వదిలేశారు. లోపల ఎంత సమానంగా ఉంటే ఏం లాభం, రెండు తీగలూ బయటే అసమానంగా వస్తుంటే! గోడలు పగలగొట్టించడం కుదరదన్నారు. గోడకు కొత్త రంగు వేశారట.

అప్పుడు డిజైనే మార్చేసింది. వచ్చే రెండు తీగల నుంచీ సర్క్యూట్ కరెంటు దాదాపు ఏమీ లాక్కోకుండా చేసింది. ఏమీ లాక్కోనప్పుడు ఏ అతుకు ఎంత అడ్డుపడినా తేడా రాదు, అది ఉపాయం. ఇంకొకటి, తీగల మీద కవచంలా ఉండే రాగి అల్లికను పాత బోర్డులో సర్క్యూట్ మధ్యలోకి తెచ్చి కలిపారట. దాని మీద పారే చెత్తంతా పాటలోకి ఊరేగుతుంది. దాన్ని సాకెట్ దగ్గరే ఇనుప పెట్టెకు కలిపి అక్కడికక్కడే వదిలించింది. రెండు ప్లగ్గులకూ ఎర్త్ తన చేత్తో బిగించింది. గోడలోని ఎర్త్ బాగుందో లేదో మీటరు పెట్టి చూసుకుంది. బాగానే ఉంది. పాపం ఆ గోడ తన పని తను చేస్తూనే ఉంది ఇన్నాళ్లూ.

స్విచ్ వేశారు. నేను మైకు ముందు నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. ఫ్యాన్లు ఆపమన్నాను. అప్పుడూ లేదు. నేను "నమస్కారం" అంటే ఆ ఒక్క మాటే హాలంతా వినపడింది. సుహాసిని చివరి వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంది. వాళ్ల నాన్న ఉంటే బాగుండేది అంది.

తరవాతి కార్యక్రమంలో మూర్తిగారు ధ్వని ఎంత స్వచ్ఛంగా ఉందో ప్రత్యేకంగా ప్రస్తావించారు. ప్రస్తావించి, శ్రీశైలానికి శాలువా కప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. సుహాసిని చెయ్యి గిల్లితే "పోనీ స్నేహక్కా, ఎర్త్ ఉందిగా" అంది.

ఎర్త్ లేదు!

కట్టు విప్పాక హనుమమ్మ మళ్లీ పనిలో చేరింది. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడింది. సుహాసిని కూడా నా దగ్గరే ఉంది.

"అక్కా, ఆ మైకు మల్ల సుర్రుమంటుంది" అంది. "నేనైతే పట్టుకోలే. గుడ్డ తాకింది, అంతే. నాకు భయమైతుంది అక్కా. పని ఇడిసిపెడ్దామంటే ఇంట్ల గడ్వదు. చెప్తే పెద్దసారు, నీకు భయం పట్టుకుంది, అందుకే అట్ల అనిపిస్తుంది అంటుండు."

ముగ్గురం ఆటో ఎక్కి వెళ్లాం. ప్లగ్గులు విప్పితే రెండింట్లోనూ ఆకుపచ్చ తీగ కోసి ఉంది. శ్రీశైలం మొహంలో తప్పు చేసిన జాడే లేదు.

"సౌండ్ మంచిగనే ఉంది గద మేడం. పెద్ద ప్రోగ్రాం ఉండె. యాడనన్న మోతొస్తే నన్ను తిడ్తరని ముందుగాల్నే తీసేసిన. తీసినా మంచిగనే ఉంది, పెట్టినా మంచిగనే ఉంది. ఏం ఫరకు లేదు."

సుహాసిని తీగలు మళ్లీ బిగించి బయటికి నడిచింది. ఆటో ఎక్కాక అంది: "ఇదివరకు ఎర్త్ పెడితే మోత వచ్చేది, ఉందని అందరికీ తెలిసేది. ఇప్పుడు నా బోర్డు వల్ల పెట్టినా నిశ్శబ్దమే, పీకినా నిశ్శబ్దమే. నేను ఇంత బాగా చేయకుండా ఉండాల్సింది." మంచి పని చేసిన మనిషి చేత ఇలాంటి మాట అనిపించారే అని నాకు ఏడుపొచ్చింది.

ఇంటికెళ్లి మళ్లీ బల్ల ముందు కూర్చుంది. ఈసారి మిక్సర్లో చిన్న కాపలా సర్క్యూట్ ఒకటి చేర్చింది. ఎర్త్ తీగ నేలతో కలిసి ఉందా లేదా అని అది ఎప్పుడూ చూసుకుంటూ ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ దీపం. లేకపోతే ఎర్ర దీపం వెలిగి, మిక్సర్ నోరు మూసుకుంటుంది. మైకులో ఎంత అరిచినా బయటికి ఏమీ రాదు. ఈ సంగతి శ్రీశైలానికీ మూర్తిగారికీ అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. చాటుగా చేసిందేం లేదు. ఇద్దరూ సరేనన్నారు.

వార్షికోత్సవం వచ్చింది. ముఖ్య అతిథి ఒక పెద్ద అధికారి. వేదికంతా పూలు. పూలసజ్జలకు ఇంకా నీళ్లు కారుతున్నాయి. వెనక పెద్ద స్క్రీన్ పెట్టారు. దాని కోసం మిక్సర్ బల్లను ఇంకో పక్కకు మార్చారు, గోడ ప్లగ్గు అందక జంక్షన్ బాక్స్ వేశారు. నేను "సభకు నమస్కారం" అని మొదలుపెట్టాను. నా మాట నాకే వినపడింది. చూస్తే మిక్సర్ మీద ఎర్ర దీపం.

శ్రీశైలం ప్లగ్గు విప్పి చూపించాడు. ఈసారి ఆకుపచ్చ తీగ ఉంది. నిజంగానే కోయలేదు. కానీ జంక్షన్ బాక్స్‌కు అది లేదు. ఆ హాల్లో ఉన్న ఏ జంక్షన్ బాక్స్‌కూ లేదు. ఏళ్ల కిందటే అన్నిట్లోనూ పీకేసి మర్చిపోయారు.

సుహాసిని లేచి ముందుకొచ్చింది. "గోడ ప్లగ్గు నుంచి మూడు తీగల వైరు లాగండి. పావుగంట పని."

"పావుగంటా!" మూర్తిగారి మాటలో తేనె అంతా ఆవిరైపోయింది. "ముఖ్య అతిథిని కూర్చోబెట్టి పావుగంటా? ఆ కాపలా తీసేయండి ముందు."

"తీయను."

"ఇది మీ ఇల్లు కాదమ్మా, సభ!"

ఆవిడ తీయలేదు. ఆయన ఆగలేదు. స్టోరు గదిలోంచి పాత మిక్సర్ తెప్పించారు. అదే జంక్షన్ బాక్స్‌కు తగిలించారు. దానికి కాపలా లేదు, ఎర్త్ లేదు, సిగ్గూ లేదు. గుయ్యిమనలేదు, మూర్తిగారి మొహం విప్పారింది. నా పక్కకు వచ్చి మైకులోకి వంగి "కొందరి ప్రయోగాల వల్ల కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాం" అన్నారు. అందరూ తలలు తిప్పి సుహాసినిని చూశారు. ఆవిడ నిలబడే ఉంది. ఆ పాత మిక్సర్ మైకు ముందు ఇక నోరు విప్పకూడదనుకుని నేను పక్కకు జరిగాను.

పూలసజ్జల నీళ్లు కారి కారి మైకు స్టాండు చుట్టూ మడుగు కట్టింది. ముఖ్య అతిథి జారతారేమోనని మూర్తిగారు చెయ్యి ఊపి హనుమమ్మను పిలిచారు. ఆమె గుడ్డ పట్టుకుని వేదిక ఎక్కింది. స్టాండు దగ్గర ఆగింది. పాత మిక్సర్ వైపు చూసింది. గుడ్డ భుజాన వేసుకుని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మైకు పక్కకు జరిపి తుడువమ్మా, తొందరగా" అన్నారు మూర్తిగారు.

"నేను ముట్ట సారూ."

"ఏమిటీ?"

"అది కొడ్తది. ఒకపారి కొట్టింది, సావు జూసొచ్చిన. సుహాసినక్క డబ్బ పెడితె ముడ్త. దీన్ని ముట్ట." హనుమమ్మ గొంతు పెద్దది. మైకు అక్కర్లేకుండానే చివరి వరస దాకా వినపడింది.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మూర్తిగారు నవ్వు తెచ్చుకున్నారు. "ఏం కాదమ్మా. అందరం మాట్లాడుతున్నాం కదా దాంట్లో."

"అయితె మీరే జరపుండ్రి సారూ" అంది హనుమమ్మ. బతిమాలినట్టే అంది. "మీరు గుడ ఒట్టి కాళ్లతోనే ఉన్నరు. గా నీళ్లల్ల నిలవడి, గట్టిగ పట్టుకొని జరపుండ్రి. మీకేం గాకుంటె నేను తుడుస్త."

ఆయన ఒక అడుగు వేశారు. పాదం నీళ్లలో పడింది. చెయ్యి చాచారు. హాలంతా చూస్తోంది, ముఖ్య అతిథి చూస్తున్నాడు, నేను పక్కనే ఉన్నాను. ఆ చెయ్యి మైకుకు బెత్తెడు దూరం దాకా వెళ్లి ఆగిపోయింది. ముందుకు పోలేదు.

తెలుసన్నమాట! ఇన్నాళ్లూ ఆయనకు తెలియదనుకున్నాను నేను. పెద్దవాడు, యంత్రాల సంగతి అర్థం కాదు అనుకున్నాను. హనుమమ్మను పట్టుకోమన్నప్పుడూ తెలుసు, నీ భయమే అన్నప్పుడూ తెలుసు. అంతా తెలిసే ఆమెను పంపాడు.

ముఖ్య అతిథి కుర్చీని కాస్త వెనక్కి, తడి లేని చోటికి లాక్కున్నాడు. శ్రీశైలం ఎవరూ చెప్పకుండానే పాత మిక్సర్ స్విచ్ కట్టేసి, వైరు చుట్ట భుజాన వేసుకుని గోడ ప్లగ్గు వైపు నడిచాడు. అతను తీగలు బిగిస్తుంటే సుహాసిని మైకులను తన మిక్సర్‌కు మార్చి, పక్కన కూర్చుని ఒక్కొక్క స్క్రూ చూసుకుంది. మూర్తిగారు తన కుర్చీలోకి వెళ్లి, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చున్నారు. నిండిన హాలు ఒక ఆకుపచ్చ దీపం కోసం కదలకుండా ఎదురుచూసింది.

వెలిగింది.

"ఇప్పుడు పట్టుకో హనుమమ్మా" అంది సుహాసిని. అంది గానీ తనే లేచి పరుగున వచ్చి, ఎందుకైనా మంచిదని ముందు తను పట్టుకుని చూసింది. ఆ తరవాత హనుమమ్మ విరిగి అతికిన చెయ్యి చాచింది. మొదట వేళ్ల వెనక వైపు ఆనించింది. తీసేసింది. మళ్లీ ఆనించింది. ఆపైన అరచెయ్యి మొత్తం వేసి మైకును గట్టిగా పట్టుకుంది. జరపడానికి పట్టే సమయం కన్నా చాలా ఎక్కువ సేపు, అందరూ చూసేలా, అలాగే పట్టుకుని నిలబడింది.